పాత అపాయింట్‌మెంట్ పోలేదు, మీ ఫోన్ చూపించడం మానేసింది

నమస్తే అండి. ఈ వీడియో ఒక డాక్టర్ గారు అడిగిన చిన్న ప్రశ్న వల్ల చేస్తున్నాను.

మొన్న 2025 మార్చిలో మా నాన్నను ఇక్కడ హైదరాబాద్‌లో కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. డాక్టర్ గారు కంట్లో చుక్కలు వేయించి, అరగంట కూర్చోబెట్టి, లైటు వేసి చూసి, "ఇంతకుముందు రెటీనా ఎప్పుడు చూపించారు?" అని అడిగారు. నాన్న ఏమాత్రం తడుముకోకుండా "పోయిన ఏడాదేనండీ" అన్నారు. పక్కనుంచి నేను కూడా "అవునండీ, ఏడాది అయ్యుంటుంది" అని వంత పాడాను. ఆవిడ రాసుకోబోతూ ఆగి, "అయ్యుంటుంది కాదు, తేదీ చెప్పండి" అన్నారు.

ఆవిడ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా రెటీనా పరీక్ష చేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు. చూపు బాగానే ఉన్నట్టు అనిపిస్తున్నా లోపల సన్నటి రక్తనాళాలు దెబ్బతింటూ ఉండొచ్చు. మధ్యలో ఎంత కాలం గడిచిందో తెలిస్తేనే, ఇప్పుడు కనిపిస్తున్న మార్పు నెమ్మదిగా వచ్చిందా, తొందరగా వచ్చిందా అన్నది వాళ్లకు అర్థమవుతుంది.

సరే, ఫోన్ తీశాను. నేను ప్రతిదీ క్యాలెండర్‌లో పెట్టే మనిషిని. ఆ గర్వం కూడా కొంచెం ఉంది. పైన భూతద్దం గుర్తు నొక్కి, ఇంగ్లీషులో కన్ను అని అర్థం వచ్చేలా "ఐ" అని కొట్టాను. ఏమీ లేదు. "డాక్టర్" అని కొట్టాను. మా అబ్బాయి పంటి డాక్టర్ వచ్చాడు, పోయిన నెలది. అంతకుముందు అంతా ఖాళీ. వేలితో వెనక్కి తోసుకుంటూ పోతే 2024 కూడా ఖాళీ, 2023 కూడా ఖాళీ. ఆ రెండేళ్లూ నేను ఏ పనీ చేయనట్టే ఉంది.

మా అమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ పద్ధతి వేరు. వంటింట్లో మేకుకు వేలాడే గోడ క్యాలెండరే ఆవిడ రికార్డు. పాలు రాని రోజు సున్నా చుడుతుంది, గ్యాస్ బండ వచ్చిన రోజు "గ్యా" అని రాస్తుంది, మా నాన్న ఆస్పత్రికి వెళ్లిన రోజు ఇంటూ కొడుతుంది. పాత ఏడాదివి కూడా అదే మేకుకు కింద ఉంటాయి. అందులో వెతకడానికి భూతద్దం అక్కర్లేదు, కళ్లజోడు చాలు. కానీ ఈసారి ఆవిడ చెప్పిన మాట: "రెండు మూడేళ్ల నాటివన్నీ మొన్న భోగి మంటలో వేశాం కదరా." అయిపోయింది. ఇక నా ఫోనే దిక్కు.

ఇక్కడ మొదట తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫోన్‌లో కనిపించనంత మాత్రాన పాత అపాయింట్‌మెంట్ పోయినట్టు కాదు. చాలాసార్లు అది సర్వర్‌లో, అంటే మీ అకౌంట్ నడిపే కంపెనీ కంప్యూటర్‌లో, భద్రంగానే ఉంటుంది. ఫోన్ దాన్ని తెచ్చుకోవడం మానేసి ఉంటుంది, అంతే.

నాది ఐఫోన్. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కిందకి జరిపి యాప్స్ నొక్కి, అందులో క్యాలెండర్, అందులో సింక్ అనే వరుస చూడండి. సింక్ అంటే సర్వర్‌లో ఉన్నవాటిని ఫోన్‌కు తెచ్చుకోవడం. ఐఓఎస్ 18 కంటే పాతదైతే యాప్స్ అనే మెట్టు ఉండదు, నేరుగా సెట్టింగ్స్‌లోనే క్యాలెండర్ కనిపిస్తుంది. ఆ సింక్ లోపల ఐదు ఎంపికలు ఉంటాయి: రెండు వారాలు వెనక్కి, ఒక నెల, మూడు నెలలు, ఆరు నెలలు, ఆఖరున ఆల్ ఈవెంట్స్. నాది నెల దగ్గర ఉంది! ఎప్పుడు పెట్టానో, నేనే పెట్టానో లేదో కూడా గుర్తు లేదు. అంటే నా ఫోన్ నెల కంటే పాతవాటిని దగ్గర ఉంచుకోవడం లేదు. దగ్గర లేనిదాన్ని భూతద్దం ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆల్ ఈవెంట్స్ నొక్కి, వైఫై మీద కాసేపు వదిలేశాను. రెండేళ్ల జీవితం చుక్కలు చుక్కలుగా తిరిగి వచ్చింది. చూస్తుంటే కొంచెం భయం కూడా వేసింది, ఎన్ని మీటింగ్‌లు!

ఈ కోత ఎందుకు పెట్టారని మీకు అనుమానం రావచ్చు. ఫోన్లలో స్టోరేజీ తక్కువగా, ఇంటర్నెట్ ఖరీదుగా ఉన్న రోజుల్లో, ఆఫీసు మెయిల్‌నూ క్యాలెండర్‌నూ ఫోన్‌కు పంపే పద్ధతిలోనే "ఎంత వెనక్కి కావాలి" అనే ప్రశ్న ఉండేది. ఎక్స్‌ఛేంజ్ అనే మైక్రోసాఫ్ట్ వారి ఆఫీసు మెయిల్ అకౌంట్లకు వాడే సింక్ పద్ధతిలో క్యాలెండర్‌కు ఇవే గడువులు ఉన్నాయి: రెండు వారాలు, నెల, మూడు నెలలు, ఆరు నెలలు, మొత్తం. అప్పట్లో అది అవసరం, ఇప్పుడు కాదు. క్యాలెండర్‌లో ఉండేవి ఉత్త అక్షరాలు. పదేళ్లవి కలిపినా మనం వాట్సాప్‌లో పొద్దున్నే పంపుకునే శుభోదయం వీడియోలంత జాగా తీసుకోవు. కాబట్టి మొత్తం పెట్టేయండి, ఆలోచించకండి.

ఆండ్రాయిడ్ వాళ్లూ, మీ దగ్గరికే వస్తున్నాను. గూగుల్ క్యాలెండర్ యాప్‌లో ఎడమ పక్క మూడు గీతలు నొక్కితే మీ అకౌంట్లు, వాటి కింద క్యాలెండర్లు వరుసగా వస్తాయి. ఒక్కోదాని పక్కన టిక్ ఉంటుంది. ఆ టిక్ తీసేసి ఉంటే ఆ క్యాలెండర్ మొత్తం కంటికి కనిపించదు. ముందు అది చూడండి. తర్వాత అదే మెనూలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఒక్కో క్యాలెండర్ పేరు నొక్కి, సింక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

అంతా బాగానే ఉన్నా దొరక్కపోతే కంప్యూటర్ ముందు కూర్చోండి. బ్రౌజర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి భూతద్దం నొక్కితే, వెతికే పెట్టె పక్కన కిందకి చూసే చిన్న బాణం ఉంటుంది. అది నొక్కితే అసలైన వెతుకులాట మొదలవుతుంది. ఏమిటి, ఎవరు, ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అన్నీ విడివిడిగా ఇవ్వొచ్చు. 2022 జనవరి నుంచి డిసెంబర్ వరకు అని గిరి గీసి వెతికితే పని సగం తేలికవుతుంది. ఇంట్లో కంప్యూటర్ లేదా? ఫోన్ బ్రౌజర్‌లోనే డెస్క్‌టాప్ సైట్ అని పెట్టుకోండి. అక్షరాలు చీమల్లా ఉంటాయి కానీ పని జరుగుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో చాలామందికి జరిగే సంగతి. కొత్త ఫోన్ కొంటాం. షాపులో కుర్రాడు "సార్, జీమెయిల్ ఉందా, పాస్‌వర్డ్ గుర్తుందా?" అంటాడు. మనం తల గోక్కుంటాం. వాడికి వెనక పదిమంది కస్టమర్లు. "పర్లేదు సార్, కొత్తది చేసేస్తా" అని రెండు నిమిషాల్లో మన పేరు వెనక నాలుగు అంకెలు తగిలించి కొత్త జీమెయిల్ చేసేస్తాడు. ఆ పాస్‌వర్డ్ ఆ కుర్రాడికీ గుర్తుండదు, మనకీ గుర్తుండదు. మీ పాత అపాయింట్‌మెంట్లన్నీ పాత జీమెయిల్‌లోనే ఉండిపోతాయి. మా నాన్నకు ఇప్పటికి ఇలా మూడు అకౌంట్లు ఉన్నాయి. నాకు తెలిసినవి మూడు.

దీని గురించి ఎందుకు తొందర పెడుతున్నానంటే, రెండేళ్లపాటు అసలు వాడకుండా వదిలేసిన సొంత అకౌంట్లను తీసేయొచ్చని గూగుల్ ఒక నియమం పెట్టింది. 2023 డిసెంబర్ నుంచి అమలు. పాత అకౌంట్‌లో ఇంటి విషయాలు ఉన్నాయనుకుంటే, పాస్‌వర్డ్ తెలిసినప్పుడే ఒకసారి లోపలికి వెళ్లి, గూగుల్ టేక్‌అవుట్ (మన డేటాను మనమే దింపుకునే గూగుల్ సదుపాయం) ద్వారా క్యాలెండర్‌ను డౌన్‌లోడ్ చేసుకోండి. ఐసీఎస్ అనే ఫైలు వస్తుంది. దాన్ని కంప్యూటర్ నుంచి కొత్త అకౌంట్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఆఫీసు అకౌంట్ సంగతి వేరు. ఉద్యోగం మానేసిన రోజు తలుపు మూసేస్తారు. ఇంటి అపాయింట్‌మెంట్లు ఆఫీసు క్యాలెండర్‌లో పెట్టే అలవాటు ఉంటే ఈ వీడియో ఆపేసి ముందు ఆ పని చూసుకోండి.

ఇంకో రకం ఉంది. కొన్ని ఫోన్లలో కొత్త ఈవెంట్ పెట్టేటప్పుడు అది ఏ అకౌంట్‌లోకీ వెళ్లకుండా ఫోన్‌లోనే ఉండిపోయేలా ఉంటుంది. ఫోన్ పోతే, బ్యాకప్ లేకపోతే, ఆ అపాయింట్‌మెంట్లు నిజంగానే పోతాయి. ఇక్కడ నేను ఏ ఉపాయమూ చెప్పలేను. కొత్తది పెట్టేటప్పుడు పైన ఏ అకౌంట్ పేరు ఉందో ఒక్కసారి చూడండి.

చేజేతులా చెరిపేసుకునేది కూడా ఉంది. ప్రతి నెలా షుగర్ టెస్ట్ అని రిపీట్ పెట్టుకున్నారనుకోండి. ల్యాబ్ మారింది, ఇక వద్దని డిలీట్ కొడతారు. గూగుల్ మూడు ప్రశ్నలు వేస్తుంది: ఇదొక్కటేనా, ఇదీ దీని తర్వాతవీనా, అన్నీనా? హడావిడిలో అన్నీ అని నొక్కితే, మీరు వెళ్లొచ్చిన పాత తేదీలు కూడా దాంతోపాటే పోతాయి. రెండోది నొక్కండి, పాతవి మిగులుతాయి. పొరపాటున నొక్కేశారా? కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్ చక్రం కింద ట్రాష్ ఉంటుంది. దాదాపు 30 రోజుల వరకు అక్కడ దొరుకుతుంది. ఆపిల్ వారి ఐక్లౌడ్‌లో క్యాలెండర్ ఉంచుకునేవాళ్లకు కూడా వెబ్‌సైట్‌లో పాత క్యాలెండర్‌ను తిరిగి తెచ్చుకునే సదుపాయం ఉంది. కాకపోతే అది ఇప్పటి క్యాలెండర్‌ను మొత్తంగా పాతదానితో మార్చేస్తుంది కాబట్టి తొందరపడి నొక్కకండి.

అమెరికాలో ఉండి ఈ ఛానల్ చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీకు ఒక మాట. డల్లాస్‌లో ఉన్నప్పుడు అక్టోబర్ 14 సాయంత్రం ఏడుకు పెట్టుకున్న అపాయింట్‌మెంట్, మీరు ఇండియాకి వచ్చి ఫోన్ తెరిస్తే అక్టోబర్ 15 ఉదయం ఐదున్నరకు కనిపిస్తుంది. తేదీ తప్పని కంగారు పడకండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో రాసేటప్పుడు మాత్రం అక్కడి తేదీయే రాయండి.

ఇక నా కథకు వస్తాను. ఆల్ ఈవెంట్స్ పెట్టాక అన్నీ వచ్చాయన్నాను కదా, మళ్లీ "ఐ" అని వెతికాను. రాలేదు. "రెటీనా", రాలేదు. "నాన్న కళ్లు" అని తెలుగులో కొట్టాను, అదీ రాలేదు. డాక్టర్ గారు ఓపికగా తర్వాతి పేషెంట్‌ను పిలిచారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం.

అప్పుడు యూపీఐ గుర్తొచ్చింది. మన క్యాలెండర్ మరిచిపోయినా మన డబ్బు మరిచిపోదు. పేమెంట్ యాప్‌లో హిస్టరీ తెరిచి వెనక్కి జరుపుకుంటూ పోయాను. 2024 లేదు. 2023 లేదు. నాకు నెమ్మదిగా చెమట పట్టడం మొదలైంది. 2022 నవంబర్‌లో గుంటూరులోని ఒక మందుల షాపుకు కట్టిన డబ్బు కనిపించింది. కంటి చుక్కలు కొన్నది అక్కడే. ఆ తేదీతో క్యాలెండర్‌లోకి వెళ్లి చూస్తే ఆ రోజు మీద ఒకే ఒక్క ఈవెంట్ ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో "గుంటూరు, ఆరింటి బండి".

అంటే ఆ రోజు నా బుర్రలో ఉన్నది కంటి పరీక్ష కాదు, బండి అందుకోవడం. ఏ టెన్షన్ ఉంటే అదే రాశాను. రెండున్నరేళ్ల తర్వాత వెతికేవాడికి ఆ టెన్షన్ గుర్తుండదు కదా. వెతుకులాట పెట్టెకు మన మనసు తెలియదు, మనం కొట్టిన అక్షరాలే తెలుసు. "షుగర్" అని రాసి "డయాబెటిస్" అని వెతికితే దొరకదు. తెలుగులో రాసి ఇంగ్లీషులో వెతికితే కూడా సాధారణంగా దొరకదు. కాబట్టి దొరకనప్పుడు ఊరి పేరు కొట్టండి, బస్సు కొట్టండి, ఎవరితో వెళ్లారో వాళ్ల పేరు కొట్టండి, "లీవ్" అని కొట్టండి. ఆ రోజు మీరు దేని గురించి గాభరా పడ్డారో అది కొట్టండి.

ఇంకో చిన్న విషయం, ఫలితాలు వచ్చాక చాలాసార్లు ఇవాళ్టి దగ్గరే తెరుచుకుంటాయి. పాతవి పైన ఉంటాయి. కింద చూసి లేదనుకోకుండా పైకి జరపండి.

క్యాలెండర్‌లో దొరకనిది బయట దొరికే చోట్లు నాకు యూపీఐ తర్వాత ఇంకో రెండు పనికొచ్చాయి. ఒకటి ఎస్సెమ్మెస్‌లు. ఆస్పత్రులు టోకెన్ నంబర్ మెసేజ్ పంపుతుంటాయి, మనం వాటిని చదవం, తీసేయం. రెండోది ఫొటోలు. మందుల చీటీని ఫొటో తీసే అలవాటు అందరికీ ఉంది. మీ కెమెరాతో తీసిందైతే ఆ తేదీ నమ్మొచ్చు. వాట్సాప్‌లో వచ్చిందైతే అది మీకు చేరిన తేదీ కావచ్చు, చీటీ మీద డాక్టర్ రాసిన తేదీనే చూడండి.

మళ్లీ లోపలికి వెళ్లి "2022 నవంబర్ అండీ, రెండేళ్ల నాలుగు నెలలు" అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, నాన్న వైపు చూశారు. నాన్న పైకప్పు వైపు చూశారు. ఎడమ కంట్లో కొంచెం మార్పు ఉంది, మందులతో, షుగర్ అదుపుతో చూద్దాం, ఆరు నెలల్లో మళ్లీ రమ్మన్నారు.

కారులో కూర్చుని అక్కడే కొత్త ఈవెంట్ పెట్టాను. పేరులో "నాన్న, కంటి డాక్టర్, రెటీనా" అని రాసి, పక్కనే ఇంగ్లీషులో కూడా రాశాను. కింద నోట్స్‌లో డాక్టర్ గారి పేరు, ఫీజు, ఏ కన్ను, ఏం చెప్పారు, చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది కాబట్టి నాన్నను ఒంటరిగా పంపొద్దని రాశాను. నాన్న పక్కనుంచి నల్ల కళ్లద్దాల్లోంచి తొంగి చూసి, చదివించుకుని, "అన్నీ బాగానే రాశావు. కింద క్యాంటీన్‌లో పెసరట్టు బాగుందని కూడా రాయి" అన్నారు. రాశాను.