ఆ ఐడీ జోలికి పోకండి

అందరికీ నమస్కారం. కంప్యూటర్ సైన్స్ వాళ్లతో పాటు సివిల్ పిల్లలు కూడా వచ్చారట. అందుకే, సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసుకున్న ఐడీని మనం ఎందుకు మార్చకూడదో వడ్లతో మొదలుపెట్టి చెబుతాను. నల్లగొండలో వడ్ల సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక కొనుగోలు కేంద్రానికి మనమే సాఫ్ట్‌వేర్ రాస్తున్నామనుకోండి. రైతు కుప్ప పోశాడు, తేమ 17 శాతం లోపు వచ్చింది, కాంటా అయింది, లారీ మిర్యాలగూడ మిల్లుకు పోయింది, మిల్లు దించుకుంది, డబ్బులు ఖాతాలో పడ్డాయి. ఒక్కో అడుగు ఒక్కో మెసేజ్, అంటే ఒక ప్రోగ్రాం ఇంకోదానికి పంపే కబురు. మధ్యలో లారీ దొరకదు, హమాలీలు రారు, వాన పడుతుంది. అయితే మొత్తం అవ్వాలి, లేకపోతే ఏదీ కాకూడదు అనే పనిని డేటాబేస్ ట్రాన్సాక్షన్ అంటాం. అన్ని రోజులూ దాన్ని తెరిచి కూర్చోలేం కదా! అందుకే ఎక్కడిదాకా వచ్చామో ఒక రికార్డులో రాసుకుని, మెసేజ్ వచ్చినప్పుడల్లా దాన్ని తీసి, పని ముందుకు జరిపి, మళ్లీ దాస్తాం. దీన్నే సాగా అంటున్నాం. పెద్ద ట్రాన్సాక్షన్‌ను చిన్నచిన్నవిగా విడగొట్టే ఈ ఆలోచనను హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలం అనే పరిశోధకులు 1987లోనే రాశారు.

ఈ మెసేజ్‌లను నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ను ఫ్రేమ్‌వర్క్ అంటాం. ఆ రికార్డుకు అదే ఒక ఐడీ ఇస్తుంది, అదే సాగా ఐడీ. ఎన్‌సర్వీస్‌బస్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో అయితే ఇంకో రెండు కూడా ఉంటాయి: పని మొదలుపెట్టింది ఎవరో చెప్పే ఒరిజినేటర్, మొదటి మెసేజ్ ఐడీ. మనం వాటిని చదువుకోవచ్చు. రాయకూడదు.

రాస్తే ఏమవుతుంది? కొత్తగా చేరిన కుర్రాడు లారీ ట్రిప్పుకు పుట్టించిన గైడ్‌ను (GUID, మళ్లీ రాకుండా పుట్టించే పొడవాటి నంబర్) తెచ్చి సాగా ఐడీలో పెట్టాడనుకోండి. రెండూ గైడ్‌లే కాబట్టి కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ మాట్లాడదు. కొన్ని స్టోరేజీల్లో సేవ్ చేసేటప్పుడే ఎర్రర్ వస్తుంది, అది మన అదృష్టం. రాకపోతేనే టెన్షన్. "మూడు రోజుల్లో మిల్లు నుంచి జవాబు రాకపోతే గుర్తుచెయ్యి" అని అంతకుముందే ఒక టైమ్‌అవుట్, అంటే గడువు తీరాక మనకే తిరిగొచ్చే మెసేజ్, పంపి ఉంటాం. అది పాత ఐడీతో బయల్దేరింది. మూడు రోజులకు తిరిగొచ్చి వెతికితే ఆ ఐడీతో రికార్డు లేదు. పని అయిపోయిందేమో అనుకుని ఫ్రేమ్‌వర్క్ ఆ మెసేజ్‌ను వదిలేస్తుంది. ఫెయిలైన మెసేజ్‌లు చేరే ఎర్రర్ క్యూలో ఏమీ ఉండదు, స్క్రీన్ మీద ఏమీ కనపడదు. రైతు మాత్రం బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాడు. ల్యాప్‌టాప్‌లో ఇది బయటపడదు, అక్కడ మన టెస్ట్ రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

మరి ఆ ఐడీకి తాళం వేసేయొచ్చుగా అంటారు. డేటాబేస్ నుంచి రికార్డు తీసినప్పుడు ఆ విలువ మళ్లీ అందులో నింపాలి, అందుకే విలువ రాసే దారిని, అంటే సెట్టర్‌ను, తెరిచే ఉంచారు. తలుపు మూయలేం కాబట్టి కాపలా పెట్టాలి. కోడ్‌లో ఐడీకి విలువ ఇచ్చే లైన్ కనపడగానే బిల్డ్ ఆపేసే తనిఖీ పనిముట్టు, అనలైజర్, ఆ కాపలా. ఐడీనే కోరిలేషన్‌కు, అంటే వచ్చిన మెసేజ్ ఏ రికార్డుదో కలపడానికి, వాడుకుందామన్నా ఎన్‌సర్వీస్‌బస్ ఒప్పుకోదు. నాకైతే ఆ మొండితనం నచ్చుతుంది.

మీ వ్యవహారానికి మీ సొంత నంబర్ వేరే ప్రాపర్టీలో, అంటే రికార్డులో ఇంకో గడిలో, పెట్టుకోండి. పాస్‌బుక్ నంబర్ మాత్రం వద్దు. అదే రైతు వానాకాలంలో వస్తాడు, యాసంగిలో వస్తాడు, ఒక్కోసారి ఒకే వారంలో రెండు కుప్పలు తెస్తాడు. కుప్పకో టోకెన్ ఇవ్వండి, దాని మీద, ఒకే టోకెన్ రెండుసార్లు చేరకుండా ఆపే యూనిక్ ఇండెక్స్ వేయండి. రెండు మెసేజ్‌లు ఒకేసారి వచ్చినా రెండు రికార్డులు పుట్టవు.

మెసేజ్‌తో పాటు దాని గురించి పోయే వివరాలను హెడర్లు అంటాం. వాటి దగ్గరా ఇదే తంటా. వచ్చిన మెసేజ్ హెడర్లన్నీ గంపగుత్తగా కొత్త మెసేజ్‌లోకి కాపీ చేసేవాళ్లున్నారు. మెసేజ్ ఐడీ కూడా దాంతో పాటే పోతుంది. అదే ఐడీని ఒకసారి చూసిన సర్వీసుకు ఇది చేరితే, డూప్లికేట్ అనుకుని పారేయొచ్చు. మీకు కావాల్సిన హెడర్లను పేరుపేరునా తీసుకోండి.

అనలైజర్‌కు దొరకనిది ఒకటుంది. రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే, ఎవరో ప్రొడక్షన్‌లోకి, అంటే నిజంగా నడుస్తున్న సిస్టంలోకి, వెళ్లి రికార్డును మార్చడానికి చేత్తో కొట్టే అప్‌డేట్ క్వెరీ. దానికి నా దగ్గరున్న మందు ఒక్కటే: సాగా టేబుళ్ల మీద మనుషుల లాగిన్లకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. దిద్దాల్సి వస్తే మెసేజ్ పంపి దిద్దించండి. ఇక ప్రశ్నలు అడగండి, సివిల్ వాళ్లు ముందు.