పదునున్న నేలకు నీళ్లెందుకు?

(టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, ఒక నివాస సముదాయం క్లబ్‌హౌస్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకొని గడ్డి గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. మిర్చి బజ్జీల సంగతి వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టడం పనిచేసినట్టుంది.

పోయిన వారం మూడు రోజులు ముసురు వదల్లేదు. మా పెరట్లో వాన కొలిచే గొట్టంలో నాలుగు అంగుళాలు దాటింది. వెంటనే పది రోజుల పాటు లాన్‌కి నీళ్లు పెట్టొద్దని మన ఇళ్ల అసోసియేషన్ కమిటీ నుంచి మీకు మెయిల్ వచ్చింది. అది రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని, కాబట్టి తిట్లలో నా వాటా నాకు అందింది. ఎక్కువమంది అడిగింది ఒకటే: "కరువులో నీళ్లు పెట్టొద్దంటారు, సరే. వానలొచ్చి చెరువులు నిండినా పెట్టొద్దంటే ఎట్లా?"

అడగాల్సిన ప్రశ్నే. నాకు దీని జవాబు చెప్పింది మా నాన్న.

మాది అనంతపురం జిల్లా. సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ పడిన ఏడాది మాట. ఇక్కడ డల్లాస్ ప్రాంతంలో 37 అంగుళాలు, అంటే 940 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఓ రోజు తెల్లవారుజామున నాలుగింటికి నన్ను తట్టి లేపారు. బయట ఉరుములు, కుండపోత. "ఒరేయ్, వానలో నీళ్లు కడతాండావేందిరా?" అన్నారు. కిటికీలోంచి చూస్తే మా స్ప్రింక్లర్లు వానతో పోటీ పడి చిమ్ముతున్నాయి. బోరు ఎండిపోతే వేరుశనగ చేను వదిలేసుకున్న మనిషి ఆయన. ఆ పూట ఆయన ముఖం చూడలేకపోయాను.

తెల్లారాక పార తెమ్మన్నారు. పెరట్లో జానెడు లోతు తవ్వి, మట్టి తీసి పిడికిట్లో నొక్కారు. ముద్ద కట్టింది. "ఇది నల్లరేగడి రా. పదునే ఆరలేదు, దీనికి నీళ్లెవరు అడిగినారు?"

ఆయన సరిగ్గానే పోల్చుకున్నారు. మన కాళ్ల కింద ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. కర్నూలులో, ఆదిలాబాద్‌లో పత్తి వేసే నేలలాంటిదే. ఇళ్లు లేవకముందు ఇక్కడా పత్తే పండేది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. తాగడం మాత్రం చాలా నెమ్మది. గంటకు పావు అంగుళం ఇంకడమే గగనం. మన స్ప్రింక్లర్ల స్ప్రే హెడ్లేమో గంటకు ఒకటిన్నర అంగుళం లెక్కన చల్లుతాయి. మామూలు రోజుల్లోనే ఏడెనిమిది నిమిషాలు దాటితే నీళ్లు రోడ్డెక్కుతాయి. ఇక నాలుగంగుళాల వాన తాగిన నేలలో చోటెక్కడిది? మట్టి రంధ్రాల్లో గాలి ఉండాల్సిన చోట కూడా నీళ్లే ఉంటాయి. వేరుకు ఊపిరాడదు. సెయింట్ ఆగస్టీన్ గడ్డి వేసుకున్నవాళ్లు అక్కడక్కడ గుండ్రంగా గోధుమరంగు మచ్చలు చూసే ఉంటారు. నీళ్లు చాలలేదనుకుని ఇంకో పది నిమిషాలు పెంచుతారు. అది చాలాసార్లు ఫంగస్ తెగులు. తడి ఎంత ఎక్కువైతే అంత పాకుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. నాలుగు వేల చదరపు అడుగుల లాన్‌కి అంగుళం నీళ్లు పెడితే దాదాపు రెండున్నర వేల గ్యాలన్లు. గ్యాలన్లంటే మనకు మనసుకి ఎక్కదు కాబట్టి ఇలా చెబుతాను: హైదరాబాద్‌లో ఎండాకాలం మన అపార్ట్‌మెంట్ ముందు ఆగే పదివేల లీటర్ల పెద్ద ట్యాంకర్ ఉంటుంది చూడండి, ఇంచుమించు అంత. దాన్ని వాన వెలిసిన మర్నాడు రోడ్డు మీద ఒంపుతున్నాం.

చెరువు నిండింది కదా అన్న మాటకు వస్తాను. మనకు నీళ్లిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఇరవై లక్షల మందికి పైగా సరఫరా చేస్తుంది. లావన్ చెరువుంది, ఇంకా కొన్ని ఉన్నాయి, 2023 నుంచి బోయిస్ డార్క్ చెరువు నీళ్లూ కలిశాయి. చెరువులో నీళ్లుండటం వేరు, మన కొళాయిలోకి రావడం వేరు. మధ్యలో శుద్ధి చేసే ప్లాంటు ఉంది, పంపులున్నాయి, పైపులున్నాయి. అవి రోజుకు ఇంతే ఇవ్వగలవు. ఊరంతా తెల్లవారుజామున ఒకేసారి లాన్లు తడిపితే ఒత్తిడి పడేది వాటి మీద. ఆ రద్దీకి సరిపడా ప్లాంటు పెంచితే ఖర్చు మళ్లీ మన బిల్లులోకే వస్తుంది. 2011 నాటి కరువప్పుడు ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత కొంతకాలం రెండు వారాలకు ఒక్కసారే తడపనిచ్చారు. 2015 మే వచ్చింది, టెక్సాస్ రికార్డుల్లోనే ఏ నెలలోనూ లేనంత వాన. రోడ్లు మునిగాయి. అప్పుడూ మన వీధిలో స్ప్రింక్లర్ టైమర్లు వాటి పని అవి చేసుకుపోయాయి. టైమర్‌కి వాన పడుతోందని ఎవరు చెప్తారు?

చెప్పడానికి రెయిన్ సెన్సర్ ఉంది. తడిస్తే లోపలి బిళ్లలు ఉబ్బి స్విచ్‌ని ఆపేస్తాయి. టెక్సాస్‌లో 2009 నుంచి కొత్త ఆటోమేటిక్ స్ప్రింక్లర్లకు ఇలాంటిదేదో ఒకటి తప్పనిసరి. మా ఇంటికీ ఉంది. మరి ఆ రోజు వానలో ఎందుకు నడిచాయి? గ్యారేజీలో కంట్రోలర్ డబ్బా తెరిచి చూస్తే, సెన్సర్ స్విచ్ బైపాస్‌లో ఉంది, అంటే సెన్సర్ మాట కంట్రోలర్ చెవిన పడదు. బిగించినతను మర్చిపోయాడో, కావాలనే పెట్టాడో తెలియదు. మూడేళ్లు నేనూ ఆ డబ్బా మూత తీసి చూడలేదు, అతన్ని ఒక్కణ్నే అని ఏం లాభం?

నీళ్లు ఆపితే నేల ఎండి ఇంటి ఫౌండేషన్ పగిలిపోతుందని కొందరికి టెన్షన్. అది ఉత్త భయమేం కాదు. నల్లరేగడి ఎండి కుంచించుకుపోతే గోడ బీటలిస్తుంది, వేసవి నడిమధ్య ఇంటి చుట్టూ సోకర్ హోస్, అంటే ఒళ్లంతా నీళ్లు ఊరే పైపు, పెట్టుకోవాల్సిందే. కానీ దెబ్బతీసేది ఒక పక్క తడి, ఒక పక్క పొడి ఉండటం. నాలుగంగుళాల వాన పడ్డ వారంలో ఇంటి చుట్టూ పొడి ఎక్కడుంది? అయినా మన పది రోజుల మాట లాన్ స్ప్రింక్లర్లకే. సోకర్ హోస్‌నీ, కరివేపాకు కుండీనీ ఎవరూ అడ్డుకోవట్లేదు. ఆ కుండీ జోలికి వెళ్లే ధైర్యం కమిటీలో ఎవరికీ లేదు.

గడ్డి ఎండితే మీరే జరిమానా వేస్తారుగా అని ఒక అక్క అడిగారు. నీటి ఆంక్షలున్న రోజుల్లో గడ్డి రంగు మారిందని అసోసియేషన్ జరిమానా వేయకుండా 2025లో రాష్ట్రం చట్టం చేసింది. చట్టం సంగతి అటుంచి, వాన తర్వాత పది రోజుల్లో బెర్ముడా గడ్డి ఎండదు. అనుమానముంటే పొడవాటి స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చండి. ఆరంగుళాలు సులువుగా దిగితే పదునుంది. దిగకపోతే పది రోజులు కాకముందే నాకు ఫోన్ చేయండి, నేనే వచ్చి చూసి మినహాయింపు అడుగుతాను.

పది రోజులయ్యాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇరవై నిమిషాలు ఏకబిగిన వద్దు. ఐదేసి నిమిషాలు మూడుసార్లు, మధ్యలో గంట విరామం. మా నాన్న దీన్ని "గుక్క తిప్పుకోనియ్యి" అంటారు.

కంట్రోలర్‌లో రెయిన్ డిలే అని ఉంటుంది, ఎన్ని రోజులు ఆపాలో ఆ అంకె పెడితే చాలు. దొరకనివాళ్లు డబ్బా ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. సాయంత్రం ఐదింటికి వీధి చివరి ఇళ్ల నుంచి మొదలుపెట్టి నేనే వస్తాను. బైపాస్ స్విచ్ కూడా అప్పుడే చూద్దాం. కుక్కలున్నవాళ్లు మాత్రం ముందే చెప్పండి. బజ్జీలు చల్లారకముందే పదండి.