ట్యూబు మీద పేరు ఎక్కడ రాశారు?

అందరికీ నమస్కారం. రక్తం ఎక్కించడం గురించి నేను మాట్లాడబోతున్నానంటే చాలామంది హెచ్‌ఐవీ పరీక్షలు, హెపటైటిస్ పరీక్షల గురించి వినడానికి వస్తారు. అవి ముఖ్యమే, కానీ అవి మా బ్లడ్ బ్యాంకు పని. ఈ రోజు వార్డులో జరిగే పని గురించి చెబుతాను. నన్ను భయపెట్టేది అక్కడ జరిగే పొరపాట్లే.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఒక రాత్రి వార్డు నుంచి శాంపిల్ వచ్చింది. పేరు, నంబరు, తేదీ అన్నీ ఉన్నాయి. చేతిరాత ముత్యాల్లా ఉంది. గ్రూపు చూస్తే బి పాజిటివ్. పాత రిజిస్టరు తిరగేస్తే అదే పేషెంటుకు రెండు నెలల కిందట ఓ పాజిటివ్ అని ఉంది. ఎముక మజ్జ మార్పిడిలాంటిది జరిగితే తప్ప మనిషి గ్రూపు మారదు. వార్డుకు ఫోన్ చేశాను. సిస్టర్ పక్కపక్క మంచాల్లో ఉన్న ఇద్దరి దగ్గర రక్తం తీసింది. ట్యూబులు రెండూ జేబులో వేసుకుని నర్సింగ్ స్టేషన్‌కి వచ్చి, అక్కడ పేర్లు రాయబోతుంటే ఎవరో పిలిచారు. వెళ్లొచ్చి రాసింది. ట్యూబులు తారుమారయ్యాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పాత రికార్డు లేకపోతే నేనూ పట్టుకునేవాణ్ణి కాదు. క్రాస్ మ్యాచ్ బ్రహ్మాండంగా సరిపోయేది. ఎందుకంటే మేము బ్యాగును సరిచూసేది ట్యూబులో ఉన్న రక్తంతో, మంచం మీద ఉన్న మనిషితో కాదు. ల్యాబులో ఎంత జాగ్రత్తగా పనిచేసినా, తప్పు ట్యూబుకు సరైన రక్తమే ఇస్తాం.

లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త 1901లో ఈ గ్రూపుల సంగతి బయటపెట్టాడు. ఓ (O) గ్రూపు మనిషి ఒంట్లో ఏ, బి కణాలు రెండింటికీ విరుగుడుగా యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటాయి. బి రక్తం లోపలికి వెళ్లగానే అవి ఎర్రకణాలను రక్తనాళాల్లోనే పగలగొడతాయి. బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తం గడ్డకట్టే గుణం తప్పుతుంది. బ్యాగంతా వెళ్లనక్కర్లేదు, కొన్ని మిల్లీలీటర్లతోనే మొదలవుతుంది.

అందుకే పేరు పేషెంటు మంచం పక్కనే, సూది తీసిన వెంటనే రాయాలి. ముందే పేరు రాసి పెట్టుకున్న ట్యూబు కూడా వద్దు. పాత రికార్డు లేని వాళ్లకు వేరే సమయంలో, వీలైతే వేరే మనిషి తీసిన రెండో శాంపిల్ అడుగుతాం. ఇంకోసారి గుచ్చాలా అని చిరాకు పడకండి. దీని వెనక ఆ రాత్రి లాంటివి చాలా ఉన్నాయి.

బ్యాగు వచ్చాక కూడా ఇదే సంగతి. "మీరు ఫలానా కదా?" అని అడిగితే మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊఁ అంటాడు. "మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని అడగండి. బ్యాగు మీది వివరాలు చేతికున్న బ్యాండుతో పోల్చండి, కేస్ షీటుతో కాదు. కేస్ షీటు పక్క మంచానికి వెళ్లగలదు, చెయ్యి వెళ్లలేదు. ఇద్దరు చూడాలన్న నియమం ఉంటే ఇద్దరూ విడివిడిగా చూడాలి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు "ఆఁ, ఆఁ" అంటే చూసింది ఒక్కరే.

మొదలుపెట్టాక తొలి 15 నిమిషాలు నెమ్మదిగా వెళ్లనివ్వండి, అక్కడే ఉండండి. చలి, జ్వరం, నడుం నొప్పి, సూది దగ్గర మంట, "నాకేదో అవుతోంది" అన్న కంగారు, వీటిలో ఏది కనబడినా ఆపేయండి. సెట్ (బ్యాగు నుంచి వచ్చే గొట్టం) మార్చి సెలైన్‌తో లైన్ నిలుపుకోండి, లేబుల్ మళ్లీ చూడండి, డాక్టరుకూ మాకూ ఫోన్ చేయండి. బ్యాగు పారేయొద్దు, సెట్‌తో సహా మాకు పంపండి. మత్తులో ఉన్న పేషెంటు ఏమీ చెప్పలేడు. అక్కడ బీపీ, మూత్రం రంగు చూడాలి.

టైమింగ్ ఒక్క మాటలో చెప్పేస్తాను. ఎర్రకణాల బ్యాగు మా ఫ్రిజ్ దాటాక నాలుగు గంటల్లో ఎక్కించడం పూర్తవ్వాలి, లేకపోతే బ్యాక్టీరియా పెరిగే వీలుంది. వార్డు ఫ్రిజ్‌లో దాచకండి. ప్లేట్‌లెట్లను అసలే ఫ్రిజ్‌లో పెట్టొద్దు, వాటికి 20 నుంచి 24 డిగ్రీలు కావాలి. రక్తాన్ని రింగర్ లాక్టేట్ డ్రిప్‌తో కలపొద్దు. అందులోని కాల్షియం, బ్యాగులో గడ్డకట్టకుండా కాపాడే సిట్రేట్‌ను పనిచేయనివ్వదు.

ఇక హౌస్ సర్జన్లతో ఒక చిన్న గొడవ ఉంది. రిక్వెస్ట్ ఫారంలో "రెండు యూనిట్లు" అని, అంటే రెండు బ్యాగులని, ఎందుకు రాస్తారు? నేను అడిగితే చాలాసార్లు జవాబు, సార్ రాయమన్నారు అని. 1999లో కెనడాలో 838 మంది ఐసీయూ రోగుల మీద ఒక పరిశోధన వచ్చింది. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే రక్తమిచ్చిన వాళ్లు, 10 కంటే తగ్గగానే ఇచ్చిన వాళ్లకన్నా ఏమీ నష్టపోలేదు. గుండె జబ్బున్న వాళ్లకూ, ధారగా రక్తం పోతున్న వాళ్లకూ లెక్క వేరు. మిగతావాళ్లలో ఒక యూనిట్ ఎక్కించి, పేషెంటును చూసి, హిమోగ్లోబిన్ చూసి, అప్పుడు రెండోది ఆలోచించండి. పెద్దవాళ్లకు సుమారుగా ఒక యూనిట్‌తో ఒక గ్రాము పెరుగుతుంది. ముసలివాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ రెండో యూనిటే ఊపిరితిత్తుల్లో నీరు చేర్చి ఆయాసం తెప్పిస్తుంది. వారాల ముందే తేదీ పెట్టిన ఆపరేషన్‌కు వచ్చే మనిషిలో ఐరన్ లోటు సరిచేస్తే కొన్నిసార్లు మా దగ్గరికి రానక్కర్లేదు.

రిజర్వ్ చేయించుకోవడం ఇంకొకటి. ఎక్కించిన ఒక్కో యూనిట్‌కు రెండు కంటే ఎక్కువ క్రాస్ మ్యాచ్ చేయించుకుంటున్నారంటే, ఎవరికీ కాకుండా పోయే బ్యాగులు ఒకరి పేరు మీద ఫ్రిజ్‌లో కూర్చుంటున్నాయని అర్థం. ఎర్రకణాల బ్యాగు ఆయుష్షు, వాడిన ద్రావణాన్ని బట్టి, 35 లేదా 42 రోజులే. రక్తం అవసరం అనుమానంగా ఉన్న ఆపరేషన్లకు గ్రూపు, యాంటీబాడీ స్క్రీన్ (రక్తంలో వేరే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) చేయించి ఉంచండి. అవసరమైతే కొద్ది నిమిషాల్లో ఇస్తాం, మాట ఇస్తున్నాను.

ఆ రాత్రి సిస్టర్ గురించి అడుగుతారని తెలుసు. ఎవరూ తిట్టలేదు. పొద్దున్నే ఆమే వచ్చి, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసిచ్చింది. దాన్ని చూసి, శాంపిల్ ట్రాలీకి రాసుకోవడానికి ఒక చిన్న చెక్క బల్ల బిగించారు, దానికి దారంతో ఒక పెన్ను కట్టారు.