పిల్లల చెవిలోని పాట లాగేయకండి!

"పాటలు వింటూ ప్రాక్టీసుకు వచ్చేవాడు ఆటగాడే కాడు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది! వార్మప్‌లో ఇయర్‌ఫోన్లు ఉండాలా వద్దా అని కోచ్‌లకీ పిల్లలకీ నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. నేను పిల్లల పక్షం. మెదడు అలసిపోయిన ఆటగాడికి పాట మందు. ఔను, మందు!

మెదడు అలిస్తే కాళ్లకేమవుతుంది అంటారా? 2009లో మార్కోరా అనే పరిశోధకుడి బృందం 16 మంది చేత 90 నిమిషాలు కంప్యూటర్ ముందు బుర్ర వేడెక్కే పని చేయించి, సైకిల్ ఎక్కించింది. డాక్యుమెంటరీలు చూసి వచ్చిన రోజు సగటున 754 సెకన్లు తొక్కినవాళ్లు ఈసారి 640 సెకన్లకే చేతులెత్తేశారు. గుండె బాగానే ఉంది, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. 'ఇక నా వల్ల కాదు' అన్న భావన మాత్రం ముందే వచ్చేసింది.

మొన్న సాయంత్రం ఒక బ్యాడ్మింటన్ కోర్టులో చూశాను. పదో తరగతి అమ్మాయి, పొద్దున్నుంచీ పరీక్షలు రాసి వచ్చింది. షార్ట్ సర్వీస్ వేస్తే షటిల్ నెట్ టేపుకు తగిలి తన వైపే పడింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు! కోచ్ వచ్చి చెవిలో ఇయర్‌ఫోన్ పీకి "శ్రద్ధ లేదు" అన్నారు. ఆ శ్రద్ధంతా లెక్కల పేపరుకే ఖర్చయిపోయింది సార్!

ఎడిన్‌బరా పరిశోధకులు ఏం చేశారో వినండి. నీలం సిరాతో 'ఎరుపు' అని రాసి, సిరా రంగు చెప్పమనే పరీక్ష ఉంటుంది. అరగంట పాటు అది పెట్టి, తర్వాత పరుగెత్తించారు. తమకు నచ్చిన పాటలు విన్నప్పుడు వాళ్లు మెరుగ్గా పరుగెత్తారు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీల్లో రేడియోలు, ఫోన్లు వాడితే 'సాయం' పొందినట్టే లెక్క. పాటతో ఏమీ ఒరగదంటే ఈ నిషేధం దేనికి? 1998లో బర్మింగ్‌హామ్ ఇండోర్ స్టేడియంలో 'స్కాట్‌మన్' పాట మోగుతుండగా ఇథియోపియా పరుగు వీరుడు గెబ్రెసెలాసీ 2000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు బద్దలు కొట్టాడు. ఆ లయకు అడుగులు పడుతున్నట్టు ఊహించుకుంటేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది!

పరుగు వేరు, సర్వీస్ వేరు. అందుకే నా సిద్ధాంతం ఇదీ: నైపుణ్యం కావాల్సిన ఆటలో పాట ఆటకు ముందు వినాలి, ఆడేటప్పుడు కాదు. అదీ పిల్లలు ఎంచుకున్న పాటే, కోచ్‌కు నచ్చింది కాదు.

"మరి రియోకు ముందు గోపీచంద్ సింధు ఫోన్ తీసేసుకోలేదా?" అంటారు. తీసుకున్నారు, మంచి పని చేశారు! ఫోన్‌లో వేలితో అదేపనిగా తోసుకుంటూ పోవడం మెదడును పిండేస్తుంది. ఫోన్ తీసుకోండి, పాట వదిలేయండి. ఒక చిన్న ప్లేయర్ చేతికివ్వండి, చాలు.

కోచ్‌ గారూ, రేపు ఆ అమ్మాయిని పది నిమిషాలు పాట విననిచ్చి, అప్పుడు సర్వీస్ వేయించండి. షటిల్ టేపు దాటుతుందో లేదో వీడియో తీసి నాకు పంపండి!