ఆయుధపూజ నాడు త్రీ నాట్ త్రీ గురించి

కమాండెంట్ గారికి, వేదికపై ఉన్న అధికారులకు, రేపు మొదటిసారి త్రీ నాట్ త్రీ రైఫిల్ పేల్చబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దసరా శుభాకాంక్షలు. ఆయుధపూజ విశిష్టత గురించి పురోహితుల వారు చెప్పారు కనుక, ఉద్యోగమంతా ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసిన నేను తుపాకి సంగతే చెబుతాను.

మీ చేతికి రానున్నది 1907 నాటి లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ త్రీ నమూనా. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైనది. బరువు సుమారు 4 కిలోలు. రైఫిల్ వెనుక చివరనున్న బట్టును భుజపు గుంటలోకి గట్టిగా అదుముకోండి. వదులుగా పట్టుకుంటే దెబ్బ ఎముకకు తగులుతుంది. ట్రిగ్గర్‌కు రెండు ఒత్తిళ్లు ఉంటాయి. మొదటిది పూర్తయిన చోట ఆగి, ఊపిరి బిగబట్టి, రెండోది మెల్లగా నొక్కాలి. మిగిలినది మీ ఉస్తాదులు నేర్పుతారు.

నా ఆరాటమంతా పేల్చిన తరువాతి గంట గురించే. ఈ పాత తూటాల అడుగున, మందును అంటించే క్యాపులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది మండి, ఉప్పులాంటి పదార్థంగా మారి బ్యారెల్ లోపల అంటుకుని, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నూనెలో అది కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందువల్ల తూటాను లోపలికి నెట్టి వెనుక మూసే బోల్టును తీసి, వెనుకవైపు నుంచి మరిగే నీళ్లు పోసి, ఆ వేడికి లోపల ఆరిన తరువాత పొడిగుడ్డ లాగి, ఆపైనే నూనె పట్టించాలి.

ఒక యూనిట్‌లో వానాకాలం ఫైరింగ్ ముగిశాక, పొద్దుపోయిందని నూనెగుడ్డ ఒక్కటి లాగి రైఫిళ్లను ఆయుధాల గది అయిన కోత్‌లో పెట్టేశారు. తరువాత తెరిచి చూస్తే బ్యారెళ్లలో గుండును తిప్పే గాళ్ల పొడవునా తుప్పు గుంటలు. వయసైపోయిందని కాగితం రాసి వాటిని పనికిరానివిగా కండెమ్ చేశారు. వయసు కాదు, అయ్యా! వాటిని చంపింది ఆ ఒక్క రాత్రి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో ఈ రైఫిల్‌కు వీడ్కోలు పలికారు. మనమూ పలకవచ్చు, కానీ తుప్పు పట్టించి పంపే హక్కు మనకు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది వినండి. బ్యారెల్ లోపల గుడ్డను లాగే పుల్‌త్రూ తాడును వంకరగా లాగితే మూతి అంచు అరిగి గురి తప్పుతుంది. తాడు బ్యారెల్‌కు తిన్నగా రావాలి. బోల్టు మీది నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనని చూసుకోండి. పక్కవాడి బోల్టు మీ రైఫిల్‌లో పట్టినంత మాత్రాన అది మీది కాదు, తూటా వెనుక సందు ఎక్కువైతే తొడుగు చిట్లుతుంది. కొయ్యకు అవిసె నూనె రాయండి. వానకు కొయ్య ఉబ్బి బ్యారెల్‌ను నెడితే గుండు పడే చోటు మారుతుంది. పూజలో ఇనుము మీద పెట్టిన తడి కుంకుమను కూడా ఈ సాయంత్రంలోగా తుడిచి నూనె రాయండి. అమ్మవారికి అందులో అపచారమేమీ లేదని నా నమ్మకం.

కమాండెంట్ గారూ, నా విన్నపం ఒక్కటే: రేపు తూటాల పెట్టెలు ఎక్కించే లారీలోనే ఒక పొయ్యి, నీళ్ల డ్రమ్ము, గరాటు కూడా ఎక్కించమని ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వండి.