జుట్టుపోలిగాణ్ణి కూడా కొనండి

సభకు నమస్కారం. కళాఖండాలు సేకరించేవాళ్ల గురించి మన అనంతపురం వైపు మాట్లాడాలంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకే పోవాలి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన తోలుబొమ్మల విద్య ఆ ఊరిది.

సేకరణలో మొదటి తప్పు బేరం దగ్గరే జరుగుతుంది. పాత మేళం (ఆట ఆడే బృందం) బొమ్మల బుట్ట తెరిపించి పదితలల రావణుణ్ణి, హనుమంతుణ్ణి ఏరుకుపోతారు. నవ్వించే పాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్క అడుగున మిగిలిపోతారు. హనుమంతుడన్నా ఒకే బొమ్మ కాదు, సన్నివేశాన్ని బట్టి చిన్నవీ పెద్దవీ ఉంటాయి. ఒకటి పోయినా ఆట కుంటుపడుతుంది. కొంటే బుట్ట మొత్తం కొనండి. లేదంటే పాతవి వాళ్లకే వదిలి, కొత్తవి చేయించుకోండి.

చేయించుకునేవాళ్లు తోలుకు ముందే డబ్బివ్వాలి. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఎండబెట్టాలి. నిలువెత్తు బొమ్మకు ఒక తోలు చాలదు. ముసురు పట్టిన రోజుల్లో తొందరపెడితే సరిగా ఆరని తోలే చేతికొస్తుంది, తర్వాత ముడుచుకుంటుంది. పాత బొమ్మల్లో జింకతోలువీ ఉంటాయి. వన్యప్రాణి చట్టం 1972 నుంచి ఉంది కాబట్టి వాటి బేరానికి దిగొద్దు. వందేళ్లు దాటిన బొమ్మలను దేశం దాటించడం కూడా కుదరదు.

ఇక ఇంటికి తెచ్చాక చేసే అన్యాయం: అద్దం ఫ్రేములో బిగించి గోడకు కొట్టడం. వెనక వెలుగు లేని తోలుబొమ్మ ఉత్త నల్లటి అట్ట! పైగా చెమ్మకు రంగు అద్దానికి అతుక్కుంటుంది. ఆముదం దీపాల మసి పట్టిందని తడిగుడ్డతో తుడిస్తే మసితోపాటు రంగూ పోతుంది, తోలు వంకర్లు తిరుగుతుంది. మెత్తటి పొడి కుంచె చాలు. బొమ్మకూ బొమ్మకూ మధ్యలో గంజి లేని నూలుగుడ్డలు వేసి బల్లపరుపుగా పడుకోబెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. రేకుల కప్పు కిందా వద్దు. మన ఎండలకు తోలు పెళుసెక్కి, ముందు భుజం కీలు దగ్గరే చిట్లుతుంది. నెలకోసారి తీసి పురుగు చూడండి. చిల్లుల అంచున సన్నటి పొడి రాలితే పురుగు చేరినట్టే. ఆ బొమ్మను వెంటనే వేరుచేయండి.

చూపించేటప్పుడు వేడెక్కని ఎల్‌ఈడీ దీపాన్ని వెనక దూరంగా పెట్టండి. నంబరు తోలు మీద రాయకుండా నూలుచీటీకి రాసి కట్టండి. పాత్ర, చేసినవారు, ఊరు, ఎత్తు, ఎన్ని ముక్కలు, ఇవన్నీ పుస్తకంలోకి ఎక్కాలి. కీలు దారం తెగితే బొమ్మలు ఆడించేవాళ్ల చేతే ముడి వేయించండి. ఆ ముడి వేసినవారి పేరూ, తేదీ కూడా రాయండి.