వంద రోజుల్లో ఒక ఊరి ప్లాను

శ్రోతలకు నమస్కారం.

2010 ఫిబ్రవరి 27, తెల్లవారుజామున మూడున్నర దాటింది. దక్షిణ అమెరికాలో చిలీ తీరం 8.8 తీవ్రతతో కంపించింది. మౌలే నది సముద్రంలో కలిసేచోట కాన్‌స్టిట్యూసియోన్ అనే ఊరుంది. సుమారు 46 వేల జనాభా. చేపల వేట, కలప, కాగితపు గుజ్జు ఫ్యాక్టరీ అక్కడివాళ్ల బతుకుతెరువు. భూకంపం వెనకే సునామీ వచ్చిపడింది. అక్కడ ఫిబ్రవరి అంటే వేసవి చివరి రోజులు కావడంతో ఏటి ముఖాన ఉన్న లంకలో గుడారాలేసుకుని పడుకున్న కుటుంబాలను నీళ్లు ఎత్తుకుపోయాయి.

ఆ ఊరిని మళ్లీ నిలబెట్టే ప్లాను వేయమని అలెహాండ్రో అరవేనా నడిపే ఎలెమెంటల్ అనే ఆర్కిటెక్టుల బృందానికి అప్పగించారు. గడువు వంద రోజులు. ఇళ్లు, రోడ్లు, కరెంటు, ఇంకో సునామీ వస్తే ఊరికి రక్షణ, అన్నీ అందులోనే తేల్చాలి. అంత తొందరలోనూ వాళ్లు ఊరి నడిబొడ్డున, అందరూ వచ్చిపోయేచోట ఒక కార్యాలయం తెరిచారు. ఎవరైనా లోపలికొచ్చి మాట్లాడొచ్చు, గీసినదాన్ని చూసి తప్పుపట్టొచ్చు.

సునామీని ఎదుర్కోవడానికి మూడు దారులు జనం ముందుంచారు. మొదటిది, ఏటి ఒడ్డున ఇల్లు కట్టకుండా నిషేధించడం. ఖర్చు 3 కోట్ల డాలర్లు. కానీ చేపలు పట్టేవాళ్లు నీటికి దూరంగా ఎన్నాళ్లుంటారు? ఏ అనుమతీ లేకుండానే మళ్లీ వచ్చి గుడిసెలేసుకుంటారు. రెండోది పెద్ద గోడ, 4.2 కోట్లు. మరుసటి ఏడాదే జపాన్‌లో సునామీ అలాంటి గోడలను దాటుకుని ఊళ్లమీద పడింది. మూడోది ఏటి ఒడ్డంతా అడవి పెంచడం, 4.8 కోట్లు. చెట్ల మధ్య నుంచి వచ్చేసరికి అల జోరు తగ్గుతుంది. అయితే దీనికి ఒడ్డునున్న ప్రైవేటు భూములు సేకరించాలి. డబ్బుకు డబ్బు, తగాదాకు తగాదా.

నన్ను కట్టిపడేసింది ఇక్కడ ఊరివాళ్లు అన్న మాట. సునామీ సంగతి సరే, అది మళ్లీ ఏ ఇరవై ఏళ్లకో వస్తుంది, ఏటా వానలకు మునుగుతున్నాం కదా, దానికేం చేస్తారని అడిగారు. చుట్టూ అడవులున్న ప్రాంతంలో బతుకుతూ సాయంత్రం పిల్లలతో కూర్చోవడానికి నాలుగు చెట్ల నీడ లేదన్నారు. ఈ ఊరు పుట్టిందే ఏటి వల్ల, ఆ ఒడ్డు ప్రైవేటు చేతుల్లో ఉంటే మేం ఏటి దగ్గరికి ఎలా వెళ్లాలన్నారు. ఏటి ఒడ్డు విషయంలో నిపుణులను అడిగింది సునామీ గురించి ఒక్కటే. ఊరు దానికి మరో మూడు కష్టాలు కలిపింది. అడవి ఆ నాలుగింటికీ పనికొస్తుంది: వాననీటిని పట్టి ఉంచుతుంది, జనానికి పార్కవుతుంది, ఒడ్డును ఊరికి తిరిగి ఇస్తుంది. ఓటు పెడితే జనం అడవినే ఎంచుకున్నారు.

మరి ఖర్చు మాట? సర్కారు దస్త్రాలు తిరగేస్తే, అదే చోట మూడు శాఖలు ఒకదానికొకటి తెలియకుండా మూడు పథకాలు పెట్టుకున్నాయని తేలింది. మొత్తం 5.2 కోట్లు. అడవికి అంతకన్నా తక్కువే పడుతుంది! ఆర్కిటెక్టు పనిలో గీతలతోపాటు ఈ దస్త్రాల వేట కూడా ఉంటుందని మనలో ఎంతమందికి తెలుసు?

మన తీరానికి ఈ అనుభవం కొత్తేమీ కాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు పెంచారు. కోరింగ మడ అడవులు ఎన్నో గాలివానలను ముందుగా తమమీద వేసుకున్నాయి. చెట్టు విలువ మనకు తెలుసు. ప్లాను వేసే తీరులోనే తేడా ఉంది. మన పట్టణాల్లో మాస్టర్ ప్లాన్ ముసాయిదా పూర్తయ్యాక అభ్యంతరాలు చెప్పమంటారు. అప్పటికి రంగులేసిన మ్యాపు గోడకెక్కి ఉంటుంది. తన స్థలం మీదుగా రోడ్డు పోతోందో లేదో చూసుకోవడానికే మనిషి హడావిడి పడతాడు తప్ప, మా వీధి ఏటా మునుగుతోందని చెప్పుకునే వీలు అక్కడుండదు. మ్యాపు మీద మొదటి గీత పడకముందే, ఒక్క నెలపాటు, మార్కెట్టు పక్కనో బస్టాండు పక్కనో ఒక గది తెరవాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు అక్కడ కూర్చోవాలి. చేపల బుట్ట దించి రెండు నిమిషాలు మాట్లాడే ఆమె మాట కూడా రాసుకోవాలి. ఈసారి మీ ఊళ్లో ముసాయిదా మాట వినబడితే, ఆ గది ఎక్కడ తెరుస్తున్నారని మున్సిపాలిటీని అడగండి.